క్యాన్ మూతికి అంటిన తంబాకు

దయ్యం కనబడిందని చెప్పేవాళ్ళని చూస్తే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. మా ఊళ్ళో నిమ్మకాయలు కోసి, పొగలు వేసి బతికేవాడొకడు ఉండేవాడు. నువ్వు దొంగవని వాడి మొహం మీదే అన్నవాణ్ణి నేను. ఆ మాట ఇప్పటికీ మార్చుకోలేదు. నేను రాసే ఈ సంగతిలో దయ్యం కనబడదు. గజ్జెల చప్పుడు లేదు, తెల్లచీర లేదు. ఒక నీళ్ళ క్యాను ఉంది, అంతే.

మాది జగిత్యాల పక్కన పల్లె. ఎనభైల మొదట్లో దుబాయ్ వెళ్ళాను. ఊళ్ళో అందరూ దుబాయ్ అనే అనుకున్నారు గానీ నేను పనిచేసింది ఫుజైరా వెనక కొండల్లో, రాయి కొట్టే క్రషర్ దగ్గర. కంపెనీ రేకుల గదులే మా క్యాంపు.

మా తమ్ముడు కల్బాలో ఒక దర్జీ దుకాణంలో పనిచేసేవాడు. శుక్రవారం సెలవు కాబట్టి వాణ్ణి చూడటానికి సైకిల్ మీద వెళ్ళేవాణ్ణి. కొండల మధ్య కొత్త తారు రోడ్డు పడ్డాక బండ్లన్నీ అటు ఎక్కేశాయి. వాగు పక్కన పోయే పాత దారిని అందరూ మర్చిపోయారు. నాకు మాత్రం అదే ఇష్టం. కొత్త రోడ్డు మీద లారీవాళ్ళు సైకిల్ వాణ్ణి మనిషి కింద లెక్కేయరు. పాత దారిన నాలుగు గంటలు తొక్కితే ఒక పికప్ ఎదురైతే గొప్ప. ఎండిన వాగు, రెండు పక్కలా బోడి కొండలు, అక్కడక్కడా మేకలు, ఒకచోట ఖర్జూరపు తోట. కంకర తేలినచోట దిగి నడిపించుకుపోయేవాణ్ణి. వారమంతా క్రషర్ మోత విన్న చెవులకి ఆ దారి మందులా పనిచేసేది.

వెనక క్యారియర్ మీద అయిదు లీటర్ల తెల్ల ప్లాస్టిక్ క్యాను ఉండేది. చుట్టూ గోనెపట్టా కుట్టి, తడిపి, పాత ట్యూబు ముక్కతో బిగించేవాణ్ణి. ఆ క్యాను ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. మా అమ్మ ఎంగిలి పట్టింపు నాకు బాగా వంటబట్టింది. క్యాంపులో ఒకే గ్లాసు పదిమంది నోళ్ళలో తిరిగేది, నేను దాన్ని ముట్టేవాణ్ణి కాదు. నేను చెంబైనా క్యానైనా ఎత్తి పోసుకునే తాగేవాణ్ణి. అందరూ నన్ను అయ్యగారని వెక్కిరించేవాళ్ళు. పట్టించుకునేవాణ్ణి కాదు.

లచ్చన్న మా గదిలోనే ఉండేవాడు. మెట్‌పల్లి వైపువాడు, నలభై దాటినవాడు, మంచివాడే. కానీ తంబాకు. సున్నంతో నలిపి కింది పెదవిలో ఎప్పుడూ ఒక ముద్ద ఉండాల్సిందే. పెదవుల మూలల్లో గోధుమరంగు చొంగ, పళ్ళ సందుల్లో తునకలు, మాట్లాడితే తుంపర్లు. పక్క మంచం వాడిది కాబట్టి దుప్పటి కప్పుకుని పడుకున్నా ఆ కంపు వచ్చేది. దాచడం ఎందుకు, వాడంటే నాకు రోత.

ఒక శుక్రవారం వాడు నా వెంట బయలుదేరాడు. కల్బాలో ఉండే వాళ్ళ ఊరివాడొకడు సెలవు నుంచి తిరిగొచ్చాడు. లచ్చన్న బిడ్డ మాట్లాడిన క్యాసెట్ తెచ్చాడు. అది వినాలని లచ్చన్నకి ఆరాటం. మా క్యాంపులో నెల్లూరు వైపు వెల్డరు ఖాదర్ ఉండేవాడు. అతని సైకిల్ అడిగి తీసుకున్నాడు. నాకు తోడు ఇష్టం లేదు. వద్దనే మొహం లేక ఊరుకున్నాను.

బాగా వేసవి. తెల్లవారకముందే బయలుదేరినా లచ్చన్న తొక్కుడు నెమ్మది. దారిలోనే ఎండ ముదిరింది. ఒక దిగుడులో వాడి నీళ్ళ సీసా హ్యాండిల్ నుంచి ఊడి రాళ్ళ మీద పడి పగిలింది. ఆ తర్వాత ఇంకో గంట ఓర్చుకున్నాడు. చివరికి ఒక మలుపు దగ్గర, రోడ్డు మీదికి గొడుగులా వంగిన బండ కింద దిగిపోయాడు. నీళ్ళు అడిగాడు.

దోసిలి పట్టమన్నాను. పట్టాడు. పైనుంచి పోశాను. వాడికి దగ్గు తెర వచ్చింది. తాగినదానికన్నా కారిపోయిందే ఎక్కువ. దగ్గులో నా చేతిమీద, క్యాను మీద తుంపర పడింది. నాకు ఓకరింపు వచ్చి క్యాను వెనక్కి లాక్కున్నాను.

"దోసిట్ల నిలుస్తలేవు రాజన్నా. మూతి వెట్టి ఒక్క గుక్క తాగుతనే."

"ఛీ! ఆ తంబాకు నోరు నా క్యాన్‌కు పెడ్తవా? కల్బా ఇంకెంత దూరమున్నది, ఆడ తాగు."

వాడు మూతి తుడుచుకుని బండ నీడలో కూర్చున్నాడు. "నువ్వు నడువు, నేను మెల్లగ వస్త" అన్నాడు. నేను వచ్చేశాను. వెనక్కి తిరిగి చూడలేదు.

కల్బా చేరేసరికి క్యానులో సగం నీళ్ళు మిగిలే ఉన్నాయి. వాడి తుంపర పడ్డ క్యాను కదా అని, ఆ నీళ్ళు దుకాణం వెనక మట్టిలో పారబోశాను. రెండుసార్లు కడిగి కొత్తనీళ్ళు పట్టుకున్నాను. లచ్చన్న ఊరివాడి దగ్గర ఆ క్యాసెట్ కూడా తీసుకుని జేబులో వేసుకున్నాను. మధ్యాహ్నం దాకా వాడు రాలేదు. వెనక్కి పోయి ఉంటాడులే అనుకున్నాను.

సాయంత్రం ఎండ తగ్గాక తిరిగి వస్తుంటే ఆ బండ కిందే ఉన్నాడు. సైకిల్ స్టాండు వేసి ఉంది. వాడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగాడు. నోరు తెరిచి ఉంది, పెదవి మీద తంబాకు ఎండి అట్ట కట్టింది. ఈగలు. నేను కొత్త రోడ్డుదాకా తొక్కుకుపోయి, అటుగా వచ్చే ఒక లారీని ఆపాను. పోలీసులు వచ్చారు, మా ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, వచ్చాడు. నీళ్ళు లేవా అని అడిగారు. ఇద్దరివీ దారిలోనే అయిపోయాయని చెప్పాను.

ఆ అబద్ధం అప్పటికి నాకు తప్ప ఎవరికీ తెలియదు. క్యాసెట్ ఎవరూ వినలేదు. వాడి సామాన్ల పెట్టెలోనే పెట్టి ఇంటికి పంపారు.

రెండు వారాలు కదల్లేదు. మూడో శుక్రవారం మళ్ళీ అదే దారిన వెళ్ళాను. బండ దగ్గర ఆగలేదు, అటు చూడనూ లేదు. కల్బాలో క్యాను మూత తిప్పగానే గుప్పున తంబాకు కంపు కొట్టింది. క్యాన్ మూతి అంచు చుట్టూ గోధుమరంగు మరక, దానికి అంటిన రెండు మూడు తునకలు, ఇంకా తడిగా. నేను అక్కడే వాంతి చేసుకున్నాను.

క్యాంపువాళ్ళు ఎవరో వెక్కిరింపుకి చేశారనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, వెక్కిరించడానికి అసలు సంగతి ఎవరికీ తెలియదే. అయినా ఆ క్యాను పారేసి, ఫుజైరా బజారులో కొత్తది కొన్నాను. మంచం కింద పెట్టుకున్నాను. మళ్ళీ శుక్రవారం నేనే నింపి, మూతి గుడ్డతో తుడిచి బిగించాను. బండకి కాస్త ముందు ఆగి తెరిచి చూశాను. శుభ్రంగా ఉంది. మళ్ళీ బిగించి, ఆ మలుపు దాటాను. ఎక్కడా దిగలేదు. కల్బాలో తెరిస్తే అదే మరక, అదే కంపు. నీళ్ళు రెండు గుక్కలంత తగ్గాయి. ట్యూబు ముడి నేను వేసినది వేసినట్టే ఉంది.

ఆ తర్వాతి శుక్రవారం ఖాదర్‌ని వెంట రమ్మన్నాను. కారణం చెప్పలేదు. నా వెనకే తొక్కు, క్యాను మీదనుంచి కన్ను తిప్పకు అన్నాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు గానీ వచ్చాడు. బండకి ముందు ఇద్దరం కలిసి మూత తీసి చూశాం. ఏమీ లేదు. మలుపు దాటాం. గాలి కూడా లేదు. దాటాక, ఖర్జూరపు తోట గోడ దగ్గర ఆగి, మూత అతన్నే తిప్పమన్నాను.

ఖాదర్ మూత తీసి, వాసన చూసి, మొహం పక్కకి తిప్పుకున్నాడు. "ఏందన్నా ఇది? ఇది లచ్చన్న తంబాకే గదా. నేను చూస్తానే ఉండా, ఎవురూ ముట్టలా" అన్నాడు.  

అప్పుడు చెప్పేశాను. దోసిలి సంగతి, క్యాను లాక్కున్న సంగతి, సగం నీళ్ళు మట్టిలో పోసిన సంగతి, ముదీర్‌తో చెప్పిన అబద్ధం. ఖాదర్ మొత్తం విన్నాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. క్యాను మూత బిగించి నా ముందు పెట్టాడు. అతని సీసా అప్పటికే ఖాళీ అయింది. గొంతు ఎండి ఉందని చూస్తేనే తెలుస్తోంది. నా సంచిలో ఇంకో సీసా ఉంది, కొత్తది, ఎవరూ ముట్టనిది. తీసి ఇచ్చాను.

"వద్దన్నా. నీ చేతి నీళ్ళు నాకు సయించవు."

సైకిల్ ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ పూట అతనికి ఏమవుతుందోనని కల్బాదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెనకే తొక్కాను. ఏమీ కాలేదు. ముదీర్‌కి అతను చెప్పలేదు. నేనూ చెప్పలేదు, అంత ధైర్యం నాకెక్కడిది. మెస్సులో మాత్రం నేను కూర్చుంటే ఖాదర్ తన పళ్ళెం తీసుకుని అవతలికి పోయేవాడు. ఎంగిలి అని అందరి దగ్గరా ముక్కు మూసుకున్న నన్ను చూసి ఇంకొకడు అలా జరిగిపోవడం, కంపెనీతో నా ఒప్పందం ముగిసేవరకూ రోజూ చూశాను.

ఆ దారిన మళ్ళీ వెళ్ళలేదు. సైకిల్ ఎవరికో ఇచ్చేశాను. ఎన్నో రకాలుగా ఆలోచించాను. ప్లాస్టిక్ వాసన అనుకున్నాను, మూతలో రబ్బరు కరిగిందనుకున్నాను, నా మతే చెడిందనుకున్నాను. కానీ తునకలు ఖాదర్ కూడా చూశాడు. రబ్బరుకి తంబాకు తునకలు ఎక్కడినుంచి వస్తాయి? దయ్యాల్ని నేను ఇప్పటికీ నమ్మను. ఆ మరక ఎలా వచ్చిందో మాత్రం నాకు ఈ రోజుకీ తెలియదు.

ఇంటికి ఎవరైనా వస్తే మంచినీళ్ళు నా భార్యే ఇస్తుంది. ఆమె లేనప్పుడు నేను తెస్తాను. వంటింట్లోనే ఆగి, గ్లాసు అంచు వాసన చూస్తాను. అప్పుడు గానీ ఆ గ్లాసు ఇంకొకరి చేతికి ఇవ్వలేను.