సిర్కా అని చెప్పిన సీసా

ఫ్రాన్సు సముద్రతీరపు తెల్ల వైన్‌కు ఏ తిండి నప్పుతుందో దబీర్‌పురా మొత్తంలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఏళ్లుగా తాగి తెలుసుకున్నాను.

మా పక్కింటాయనది కోస్తా. సముద్రం ఒడ్డున పుట్టి, ఉద్యోగానికి ఇక్కడికొచ్చి ఉండిపోయారు. మొన్న రిటైరైనప్పుడు ఆఫీసులో ఎవరో ఫ్రాన్సు నుంచి తెచ్చిన సీసా చేతిలో పెట్టారట. పేరు పిక్‌పుల్. పెదవిని కుట్టేది అని అర్థమట.

"ఉప్పుగాలి తగిలిన ద్రాక్షండీ అన్నగారూ. అక్కడ పచ్చి ఆల్చిప్పలతో తాగుతారట. మనం రొయ్యల వేపుడుతో కానిద్దాం. మసాలా వద్దు, నిమ్మకాయ పిండితే చాలు. మా ఊరి సముద్రం ఒక్కసారి నోట్లోకి రావాలండీ," అన్నారు.

తమ ఇంట్లో అత్తగారు దిగి ఉన్నారని, ఆదివారం దాకా సీసాను మా ఇంట్లో దాచమన్నారు. మా ఆవిడకు మందు పేరెత్తితే గిట్టదు.

"ఏంది గది?" అంది.

"సిర్కా. బేగంబజార్‌ల తెచ్చిన."

మూత తిప్పి వాసన చూసింది. వెనిగర్‌లా పుల్లగానే ఉంది. నమ్మింది.

ఆదివారం నేను నిమ్మకాయలు తెచ్చేసరికి ఆవిడ నల్లా దగ్గర కూర్చుని ఉంది. ముందు గిన్నెలో కొర్రమీను ముక్కలు, ఉప్పు, పసుపు. చేతిలో ఆ సీసా, బోర్లా.

ఆపమంటే అది మందని బయటపడుతుంది. నిమ్మకాయలు పట్టుకుని గడప మీద కూర్చున్నాను. ఫ్రాన్సు నుంచి వచ్చిన సముద్రం పచ్చగా నురగ కట్టి మోరీలోకి పోతోంది.

"మంచిగున్నది నీ సిర్కా. నీసు వాసన మొత్తం పోయింది. ఇంకోటి తే."

అడుగున నాలుగు వేళ్లంత మిగిలింది. అదైనా బాగుందో లేదోనని మూతలో పోసుకుని నాలుక మీద వేసుకున్నాను. పుల్లగా, సన్నగా, చివర్న ఉప్పగా. ఏళ్లుగా తాగానన్నది ఈ మూతెడే. తిండి సంగతంతా పక్కింటాయన చెప్పిందే.

మధ్యాహ్నం ఆయన ఇస్త్రీ చొక్కాలో వచ్చారు. ఒక చేతిలో రొయ్యల డబ్బా, ఇంకో చేతిలో రెండు గాజు గ్లాసులు. సీసా ఎత్తి వెలుతురుకు పట్టి చూశారు.

"మూత లూజున్నది సారూ," మొదలుపెట్టాను. "ఎండలు జూస్తున్నరు గద. ఆవిరైపోయింది. చల్లటి దేశం సరుకు, మన ఎండకు ఆగుతదా?"

ఆయన మిగిలింది ఒక్క గ్లాసులోనే పోసుకున్నారు. ఒక రొయ్య నమిలి, కళ్లు మూసుకుని తాగారు.

"వచ్చిందా సారూ, సముద్రం?"

"ఒడ్డు దాకా వచ్చిందండీ. ఇంకో గుక్క ఉంటే లోపలికి వచ్చేసేది," అన్నారు గ్లాసు అడుగు చూస్తూ. "పాపం, ఎండ ఏం చేస్తుంది లెండి."

మా ఆవిడ వేయించిన చేప ముక్కల పళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఎండ లేదు, గిండ లేదన్నా. నీ సీసతోని నేను చాపలు కడిగిన. గీ మనిషే సిర్కా అని చెప్పిండు."