అరవై నిండాయని కాలు బాగుపడదు

పోలియో కాలితో, చంకలో కర్రతో కెలవరపల్లి నుంచి బస్సెక్కి ఈ రోజు హోసూరు ఇ-సేవ సెంటరుకు వెళ్లాను. వికలాంగుల పింఛను ఆగకుండా ఉండాలంటే, బతికే ఉన్నానని ఏటా వేలిముద్ర వేయాలి.

కుర్చీలో కూర్చుని వేశాను. మిషను ముందున్నాయన, "ఇంకోసారి వేలు పెట్టమ్మా" అన్నాడు.

"ఎందుకప్పా?"

"మీకు అరవై నిండినాయి కదా, ముసలోళ్ల పింఛనుకు మారుస్తా ఉండాను. అందరూ ఇట్లే మారుతారు."

"మరి నా పాత పింఛను?"

"అది నిలిచిపోతాదమ్మా. రెండూ రావు."

కొత్తది పాతదానికంటే తక్కువ. పైగా పాతది మళ్లీ కావాలంటే కృష్ణగిరిలో డాక్టర్ల ముందు మొదటి నుంచీ నిలబడాలి. నేను వేలు వెనక్కి తీసుకుని, కర్రను ఆయన బల్ల మీద పెట్టాను.

"అరవై నిండినాయని దీన్ని ఈడనే వదిలేసి నడిచిపోతానా? ఆ మార్పు దరఖాస్తు తీసేయప్పా. తీసేదాకా లేచేది లేదు."

వెనక వరుసలో విసుక్కున్నారు. నేను కదల్లేదు. ఆయన దాన్ని తీసేసి, తెర నావైపు తిప్పి చూపించాకే కర్ర అందుకున్నాను.

మీ ఊళ్లో అరవై దాటగానే కాలు బాగుపడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఆ మందేదో నేనూ మింగి, పింఛను మార్పించుకోవడానికి పరుగెత్తుకుంటూ వెళ్తాను.