సుంకి ఘాటు దిగుడు

రత్నకుమార్ బండి నడిపితే కడుపులో చల్ల కదలదని ఒడిశా కొండల మీది సెమిలిగుడలో పేరు. నిండు చూలాళ్ళు, కాళ్ళు విరిగినవాళ్ళు, ఊపిరాడనివాళ్ళు, చర్చివాళ్ళ చిన్నాసుపత్రి నుంచి సుంకి ఘాటు కొండదారి మీదుగా ఆంధ్రా వైపు పెద్దాసుపత్రులకు ఆయన దించని రకం రోగి లేడు. ఎవర్నీ ఎన్నడూ దారిలో వదల్లేదు. ఆ మాట తన నోటితో తను అనడు గానీ, ఎవరైనా అంటుంటే వినడానికి కాస్త నెమ్మదిస్తాడు. మనిషన్నాక ఆ మాత్రం మురిపెం ఉండదా?

ఆయనకు ఇంకో పేరు కూడా ఉంది, డీజిలు మిగిల్చే డ్రైవరని. ఆ విద్య త్రినాథరావు పెట్టిన భిక్ష. త్రినాథరావు బొబ్బిలి దగ్గర్నించి పడుచుతనంలో కొండెక్కి వచ్చి, ఏళ్ళ తరబడి లారీలు తోలి, నడుం పట్టేశాక జంక్షన్‌లో డీజిలు బండ్ల రిపేరు షెడ్డు పెట్టుకున్నాడు. రత్నకుమార్ ఆయన లారీ మీదే క్లీనరుగా చేరి, ఆయన పక్కనే కూచుని స్టీరింగు నేర్చుకున్నాడు. "దిగుడు దేవుడిచ్చిందిరా, దానిక్కూడా డీజిలు తగలేత్తావేటి?" అన్నది ఉస్తాదు చెప్పిన మొదటి పాఠం. ఘాటు నెత్తి దాటగానే గేరు తీసి న్యూట్రల్లో పడెయ్యాలి. బండి తన బరువుకు తనే జారుతుంటే బ్రేకు మీద కాలుంచి మలుపులు కాసుకుంటూ సాలూరు వైపు చదును నేల వచ్చేదాకా దిగాలి. అలా చెయ్యకూడదని చట్టం చెబుతుంది, లైసెన్సు ఇచ్చేవాళ్ళూ చెబుతారు. ఆ దారిన తోలేవాళ్ళు ఎవరి మాటా వినరు.

ఆసుపత్రి పాత డీజిలు జీపుకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాలేదని తేలినప్పుడు రత్నకుమార్‌కు ఇంట్లో అన్నం సయించలేదు. భార్య ఇందుమతి ఆటపట్టించింది, నాకు జొరమొచ్చినా ఇంత దిగులు పడలేదు గదా అని. డీజిలే నయమని ఆయన మొత్తుకున్నా, దాని స్థానంలో కరెంటు వ్యాను వచ్చింది. తెచ్చింది ఆనీ, ఆసుపత్రి హెడ్ నర్సు. దగ్గర్లోని జైపూరులో మాస్టరుగారి కూతురు, మాట మెత్తన, పట్టు గట్టి. ఊరూరి చర్చి సంఘాలు తిరిగి చందాలు పోగేసి, కమిటీ పెద్దల్ని ఒప్పించి మరీ తెచ్చింది. జీపు స్టార్టు చేసినప్పుడల్లా వార్డు కిటికీలోంచి పొగ లోపలికొచ్చి ఊపిరితిత్తుల రోగులు దగ్గీ దగ్గీ మెలికలు తిరిగిపోతున్నారని ఆమె బాధ. ఆ బాధలో అబద్ధం లేదు, ఆ దగ్గు రత్నకుమార్ కూడా రోజూ విన్నదే.

కానీ షెడ్డులో చర్చ వేరే దారి పట్టింది. కరెంటు ఎక్కణ్ణించి వస్తుంది, బొగ్గు కాలిస్తేనే కదా, ఇక్కడి పొగ తీసుకెళ్ళి ఇంకో ఊరివాళ్ళ నెత్తిన పోయడమే కదా అని త్రినాథరావు లెక్చరు. ఆ బండి ఒంటికి కావలసిన అల్యూమినియం కోసం మన కొండలే తవ్వుతారు కదా అని ఇంకొకరు. బేటరీ చచ్చాక దాన్నెక్కడ పాతేస్తారని మరొకరు. అందరిదీ ఎంతో కొంత నిజమే. ఎవరూ ఎవరికీ ఒప్పుకోరు, టీ మాత్రం అందరూ తాగుతారు. టీ పోసేది త్రినాథరావు భార్య బంగారమ్మ. షెడ్డు వెనకే ఇల్లు. రత్నకుమార్‌ను తమ్ముడని పిలిచేది, ఆయన గ్లాసులో పంచదార తక్కువ వెయ్యాలని ఎవరూ గుర్తు చెయ్యనక్కర్లేదు. ఒకసారి చర్చ మధ్యలో ఆమె, ఏ బండయితే ఏటి, మనిషిని సేర్చాలి గానీ, అని గ్లాసులు తీసుకుపోయింది.

వ్యాను నేర్పేటప్పుడు ఆనీ రత్నకుమార్ పక్కన కూచుని ఒక మాట మరీ మరీ చెప్పింది. "బాబాయ్, ఘాట్‌లో గేరు మర డి లోనే ఉంచండి. కాలు తీస్తే బండి తనే బిగపట్టి, ఆ దిగుడుతోనే చార్జి మళ్ళీ నింపుకుంటుంది." రత్నకుమార్ తలూపాడు. సాయంత్రం షెడ్డులో ఆ మాట చెబితే నవ్వులే నవ్వులు. తిన్నది మళ్ళీ కంచంలోకి వస్తాదేటి అన్నాడు త్రినాథరావు, కళ్ళు తుడుచుకుంటూ. రత్నకుమార్ కూడా నవ్వాడు. ఎందుకంటే యాక్సిలరేటరు మీద కాలు తీసినప్పుడు ఆ వ్యాను వెనక్కి లాగడం ఆయన చూశాడు. బ్రేకు పట్టేసిన బండి లాగుతుందే, అలా. చార్జి తినేస్తోందనుకున్నాడు. అందుకే మొదటిసారి ఘాటుకెళ్ళినప్పుడు, నెత్తి దాటగానే గేరు మార్చే ఆ గుండ్రటి మర తిప్పి న్యూట్రల్లో పెట్టేశాడు. బండి చప్పుడు లేకుండా జారింది. ఇంజను మోతలో తేడా తెలియడానికి అసలు ఇంజనే లేదాయె. వెనక కూచున్నవాళ్ళెవరికీ ఏం చేశాడో తెలియలేదు. ఆయనకు మాత్రం, ఈ బండికి కూడా నేను మిగిల్చిపెట్టగలను గదా అని ఛాతీ కాస్త ఉబ్బింది.

అంతా ముసురు పట్టిన ఆ రోజుదాకానే. ముందు రోజు గాలివానకు కరెంటు పోయి వ్యానుకు సగం పైన కొద్దిగా మాత్రమే చార్జి ఎక్కింది. పొద్దున్నే బంగారమ్మ టీ కాస్తూ గుండె పట్టుకుని కూలబడింది. ఆసుపత్రి డాక్టరు సూది మందు వేసి, ఇక్కడ కాదు, విజయనగరం తీసుకుపోండి అన్నాడు. సర్కారు అంబులెన్సు కొండ లోపలి ఊరికి వెళ్ళింది. బేటరీ బండి మీద అన్నన్ని మాటలన్న త్రినాథరావే భార్యను ఎత్తుకొచ్చి అందులో పడుకోబెట్టాడు. చార్జి సరిపోతుందా అని డాక్టరు ఆనీని అడిగితే, ఘాట్‌లో కొంత తిరిగొస్తుంది, దాంతో వెళ్ళిపోతారు అంది. ఆ ధైర్యం మీదనే బయల్దేరారు.

ఘాటు నెత్తిన రత్నకుమార్ చెయ్యి తనంతట తనే మర తిప్పేసింది. వెనక బంగారమ్మ తల త్రినాథరావు ఒళ్ళో ఉంది. ఆమె మూలుగు వినిపించినప్పుడల్లా రత్నకుమార్ మలుపులు ఇంకా మెత్తగా తీశాడు, ఉన్న చార్జిని ప్రాణం పెట్టి కాపాడుతున్నాననుకున్నాడు. కింద సాలూరు దాటాక అద్దం కింద చార్జి అంకె పడిపోవడం మొదలైంది. ఏసీ ఆపాడు, వేగం తగ్గించాడు, ప్రభువా ప్రభువా అనుకున్నాడు. గజపతినగరం దాటి, విజయనగరం ఇంక కాస్తే ఉందనగా, ఒక రైసుమిల్లు గోడ పక్కన వ్యాను ఆగిపోయింది. ఫోను చేస్తే వేరే బండి వచ్చేసరికి చాలాసేపయింది. పెద్దాసుపత్రిలో డాక్టరు నాడి చూసి, కొంచెం ముందు తెచ్చుంటే అని ఆగిపోయాడు.

కర్మకాండలు అయ్యాక త్రినాథరావు ఆసుపత్రి వరండాలో నిలబడి అందరి ముందూ ఆనీని కడిగేశాడు. నా ఇంటిదాన్ని నీ బేటరీ బండి తినేసింది అమ్మి అన్నాడు. ఆ పిల్ల తల ఎత్తలేదు. తరవాత రత్నకుమార్‌ను పక్కకు పిలిచి అడిగింది.

"బాబాయ్, ఘాట్‌లో డి లోనే ఉంచారు కదా?"

"ఉంచేను సిస్టర్."

అది ఎంత పెద్ద అబద్ధమో ఆ క్షణాన ఆయనకే పూర్తిగా తెలియదు. ఎటూ తేడా ఉండదులే అన్న ధీమా ఒక పక్క, భయం ఒక పక్క. ఆమె నమ్మేసింది. కమిటీ ముందు, నా అంచనా తప్పింది, బాధ్యత నాదే అని ఒప్పుకుంది. వ్యానును అమ్మినవాళ్ళకే తిరిగిచ్చెయ్యాలని, ఆనీని కొట్పాడ్ దగ్గర ఒక చిన్న డిస్పెన్సరీకి పంపాలని తీర్మానించారు. డీజిలే నయమని మొదట్నుంచీ మొత్తుకున్న రత్నకుమార్ మాట వినుంటే బాగుండేదని పెద్దలు బాధపడ్డారు. ఆయన భుజం తట్టారు కూడా.

వ్యానును విజయనగరంలో అప్పగించడానికి, ఇంచుమించు ఆ రోజున్నంత చార్జితోనే, ఆయనొక్కడే బయల్దేరాడు. ఘాటు నెత్తిన చెయ్యి మర మీదికి వెళ్ళింది. ఎందుకో ఆగింది. చూద్దాం, ఆ పిల్ల చెప్పినట్టే ఒకసారి చూద్దాం అనుకుని డి లోనే ఉంచాడు. బండి బిగపట్టుకుని దిగింది. మొదట అంకె కదల్లేదు. రెండు మూడు మలుపులు తిరిగాక ఒకటి పెరిగింది. తప్పు చూశానేమోనని కళ్ళు నులుముకున్నాడు. ఇంకో మలుపుకు ఇంకొకటి. ఘాటు దిగాక రోడ్డు పక్కన ఆపి, కల్వర్టు మీద కూచుని, పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆ తరవాత రైసుమిల్లు గోడ వచ్చింది. వ్యాను దాన్ని దాటుకుని, ఇంకా చార్జి మిగిలి ఉండగానే విజయనగరం చేరింది.

అప్పట్నించి రత్నకుమార్ చర్చిలో ప్రభు బల్లకు చెయ్యి చాపడం మానేశాడు. రొట్టె, ద్రాక్షరసం వరసలో వచ్చేసరికి తల వంచుకుని పక్కవాళ్ళకు అందించేస్తాడు. ఎవరి పట్ల చేసిన తప్పు మనసులో దాచుకున్నా బల్ల ముట్టకూడదని వాళ్ళ పెద్దలు పెట్టిన కట్టు. రెండు మూడు నెలలు చూసి ఇందుమతి ఇంట్లో నిలదీసింది. చెప్పాడు. ఆమె చాలాసేపు ఏడ్చి, ఆనీ పిల్ల ఏ పాపం సేసింది, ఎల్లి సెప్పెయ్యి అంది. సెప్తే ఆగుతాదా, ఉస్తాదుకి తెలిసిపోద్ది గదా అన్నాడు ఆయన. తెలిస్తే కొడతాడేమో, తిడతాడేమో, అదంతా పడొచ్చు. కానీ ఆ విద్య నేర్పింది ఎవరు? భార్యను పోగొట్టుకున్న మనిషి దగ్గరికెళ్ళి, నువ్వు నేర్పిందే నీ భార్యను చంపిందని ఏ నోటితో చెప్పడం? త్రినాథరావు ఆ కోపం మీదే బతుకుతున్నాడు. బేటరీ బండిని తిట్టకుండా ఆయనకు ఏ పూటా ముద్ద దిగదు.

ఏడాది తిరిగింది. ఆసుపత్రికి కొత్త డీజిలు వ్యాను వచ్చింది. కిటికీ పక్కన మళ్ళీ పొగ, లోపల మళ్ళీ దగ్గు. బంగారమ్మ సంవత్సరీకానికి త్రినాథరావు బొబ్బిలి దగ్గరి తమ ఊరు వెళ్ళాలన్నాడు. రత్నకుమార్ కమిటీని అడిగి వ్యాను తీశాడు. ఉస్తాదు ముందు సీట్లో కూచున్నాడు. ఏడాదిలో మనిషి సగమైపోయాడు. కొత్త ఇంజను మోత వింటూ, ఇదీ బండంటే, అని డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి నిమిరాడు.

ఘాటు నెత్తి వచ్చింది. రత్నకుమార్ రెండో గేరు వేశాడు. ఇంజను గుర్రుమంది. త్రినాథరావు పాత రోజుల్లో క్లీనరు కుర్రాడికి చూపించినట్టే చెయ్యి చాపి గేరు తీసేశాడు.

"ఒగ్గేయ్‌రా రత్నం. దిగుడు కదేటి."

రత్నకుమార్ మళ్ళీ గేరు వేశాడు. ఉస్తాదు నవ్వి మళ్ళీ తీశాడు. మూడోసారి ఆ చెయ్యి వస్తుంటే రత్నకుమార్ దాన్ని పట్టుకుని, వ్యానును ఓ పక్కకు తీసి ఆపేశాడు. ఆపి, దారి వంకే చూస్తూ, అంతా చెప్పేశాడు. ఆనీ చెప్పిన మాట, తాను తిప్పిన మర, ఆడిన అబద్ధం, ఒంటరిగా దిగిన రోజు పెరిగిన అంకె, ఏదీ దాచలేదు. పక్క నుంచి లారీలు ఒక్కొక్కటే దిగిపోతున్నాయి. కొన్ని చప్పుడు లేకుండా జారిపోతున్నాయి.

త్రినాథరావు అడిగాడు.

"బంగారమ్మని పడుకోబెట్టిన రోజు కూడా నూట్రల్లోనే దించేవా?"

"దించేను ఉస్తాద్."

"నేను సెప్పినట్టే."

ఉస్తాదు తన చేతి వైపు, గేరు తీసిన ఆ చేతి వైపు చూసుకున్నాడు. తరవాత ఆనీకి ఫోను కలపమన్నాడు. అవతల ఆమె గొంతు వినగానే పెద్దాయన ఫోను రెండు చేతులా పట్టుకున్నాడు.

"అమ్మి, నేను త్రినాథరావుని. నీ బండిది తప్పు కాదమ్మి. నీదీ కాదు."

ఆమె ఏదో అడిగింది. మరి ఎవరిదని అయ్యుంటుంది. త్రినాథరావు రత్నకుమార్ వైపు చూడకుండానే జవాబు చెప్పాడు.

"మాదే. మా ఇద్దరిదీ."

ఫోను తిరిగిచ్చేసి, తలుపు తీసుకుని దిగాడు. వెళ్ళిపోతాడేమోనని రత్నకుమార్ తనూ తలుపు తియ్యబోయాడు. ఆయన వెళ్ళలేదు. నడుం పట్టుకుని వెనక తలుపు తెరిచి, రోగుల్ని పడుకోబెట్టే బల్ల పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ఆ రోజు కూడా అక్కడే కూచున్నాడు, ఆమె తల ఒళ్ళో పెట్టుకుని.

"పోనీ రత్నం," అన్నాడు. "గేర్లోనే పోనీ."

రత్నకుమార్ రెండో గేరు వేసి, ఘాటు దిగడం మొదలుపెట్టాడు.