బండి తలుపు కొలత

మేముండే శివారు హెండర్సన్ నుంచి సిటీకి వెళ్లే బస్సులో పక్క సీటతను నేను తెలుగని తెలియగానే ఫోన్ తీసి నా ముఖం ముందు పెట్టాడు. అందులో ఒక బండి రోడ్డు మీద వచ్చి, ఆగకుండా చెరువులోకి దిగి తేలుతోంది. వరదల్లో మనుషుల్ని కాపాడే బండట.

"మా టీమ్ డిజైనే ఆంటీ. ఎనిమిది మంది కూర్చోవచ్చు," అన్నాడు.

నేను ముసలివాళ్లుండే రెస్ట్ హోమ్‌లో కేర్‌గివర్‌ని. మొన్నటి వరదలో ఒక పెద్దాయనను మోకాలి లోతు నీళ్లలో పరుపుతో సహా మోశాం. అప్పటినుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని వరదల గురించి చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట.

"కూర్చోలేనివాళ్ల సంగతేంటి బాబూ? వీల్‌చెయిర్ ఎక్కుతుందా?"

"ఎందుకెక్కదు ఆంటీ," అని వీడియో మళ్లీ మొదటినుంచి పెట్టాడు. అందులో ఎక్కినవాళ్లంతా పాతికేళ్లవాళ్లే. పిక్నిక్‌కి వెళ్తున్నట్టు నవ్వుకుంటూ ఎక్కారు.

తర్వాతి స్టాప్‌లో డ్రైవర్ దిగి ర్యాంప్ వాల్చితే వీల్‌చెయిర్‌లో ఒకావిడ ఎక్కింది. ఇతనికి ఏం తోచిందో, లేచి వెళ్లి, ఆవిడను అడిగి, వంగి ఆ కుర్చీ వెడల్పు జానలతో కొలిచాడు. తిరిగొచ్చి కూర్చుని వీడియో ఆపేశాడు.

"మూడు జానలుంది ఆంటీ," అన్నాడు. "మా తలుపు రెండున్నరే."

తలుపు కొలత అతనికి నోటికొచ్చు. కుర్చీని కొలవాలని మాత్రం, బండి నీళ్లలోకి దిగాక, బస్సులో తోచింది.