బట్టతల ప్రెసిడెంటుగారి వెంట్రుకలు

కెజయా మసాచుసెట్స్‌లో ఒక చిన్న ఊళ్లో పుట్టింది, ఆ ఊళ్లోనే అసహెల్‌ను పెళ్లాడింది. పుట్టిన పిల్లలు నిలవలేదు. తల్లి చేసిన పనే తనూ చేసింది. ఎవరింట్లో ప్రాణం పోయినా కబురొచ్చేది. వెళ్లి ఒళ్లు కడిగి, గడ్డం కింద గుడ్డ కట్టి, తెల్లబట్టలు తొడిగేది. అసహెల్ గుట్టమీది పెద్దింట్లో కట్టెలు కొట్టేవాడు. ఆ ఇంటి ముసలాయన ఒకప్పుడు దేశానికి ప్రెసిడెంటు.

ఆయన పోయినప్పుడు కడిగింది కెజయాయే. నున్నటి తల. చెవుల వెనక మాత్రం నాలుగు నెరిసిన పోగులు. ఆనవాయితీ ప్రకారం వాటిలో కాసిని కత్తిరించి ఇంటివాళ్ల చేతిలో పెట్టింది. పోయినవాళ్ల వెంట్రుకలు ఉంగరంలోనో పతకంలోనో అద్దం కింద పెట్టించుకోవడం మసాచుసెట్స్‌లో బీదవాళ్లకీ ఉన్నదే.

అక్కడితో అయిపోవలసింది. కానీ ఆ ఇంటికి చచ్చినాయన తప్ప వేరే ఆస్తి లేదు. పెద్దకొడుకు సారాకు అంకితం. రెండోవాడు నాన్నగారి పేరు చెప్పుకుని ఎన్నికల్లో నిలబడడం, ఓడిపోవడం తప్ప మరో పని చేసి ఎరగడు. పెత్తనమంతా పెద్దకోడలు లుక్రీషియాది. మామగారు పక్కగదిలో ఊపిరాడక దగ్గుతున్నా తొంగిచూడని మనిషి, ఆయన పోయాక ఆయన కుర్చీకి పట్టుతాడు అడ్డం కట్టి ఎవర్నీ కూర్చోనివ్వలేదు. బళ్లు కట్టుకుని వచ్చే పెద్దమనుషులకు టీ, కన్నీళ్లు, నల్లరిబ్బను చుట్టిన వెంట్రుకల పాయ. బదులుగా మరిదికి ఏదో ఒక సిఫారసు.

‘‘ఆయన తలమీద ఉన్నది చిటికెడు, వీళ్లు పంచింది పరుపెడు’’ అని అసహెల్ ఇంటికొచ్చి నవ్వేవాడు. మొదట్లో తెల్లమేకను గొరిగారనీ, ఇప్పుడు మేకకూ బట్టతలేననీ చెప్పేవాడు. కెజయా కూడా నవ్వేది.

ఆ చలికాలం అసహెల్ మంచం పట్టాడు. జుట్టు మాత్రం మంచు కురిసినట్టు తెల్లగా, ఒత్తుగా ఉండేది. పోయేముందు భార్యను ఒక్కటే అడిగాడు. ‘‘నా నడుం ఆ ఇల్లు తీసుకుంది. వేళ్లు గొడ్డలి తీసుకుంది. మిగిలిందైనా నాతో పోనీవే.’’

అందుకే, ఎందరి తలలకో కత్తెర పెట్టిన కెజయా మొగుడి తలకు పెట్టలేదు. దాచుకోవాలని చెయ్యి లాగినా పెట్టలేదు. సబ్బుతో రుద్ది, దువ్వి పడుకోబెట్టింది.

మర్నాడు పొద్దున్నే లుక్రీషియా యాపిల్ పళ్ల రొట్టె పట్టుకుని పరామర్శకు వచ్చింది. కళ్లు తిరుగుతున్నాయంటూ కెజయాను బావికి పంపి, తనొక్కతే శవం దగ్గర కూర్చుంది. ఈవిడకూ గుండె ఉందన్నమాట అనుకుంది కెజయా. ఆవిడ వెళ్లాక దిండు సర్దబోతే, తల వెనక అరచేతికి కోసిన చేలో మోళ్లు తగిలినట్టు తగిలింది.

శవప్పెట్టె మూయడానికి వచ్చిన వడ్రంగిని ఆగమని చెప్పి గుట్టెక్కింది.

పెద్దింటి ముందుగదిలో ఫిలడెల్ఫియా జడ్జీ ఒకాయన తెల్లటి పాయను కళ్లకద్దుకుంటున్నాడు. వెనక గుమ్మంలోంచి రావాలని తెలీదా అంది లుక్రీషియా.

‘‘తెలుసమ్మగారూ. మా ముందు గుమ్మంలోంచి పోయినదాని కోసం వచ్చాను.’’

మొగుడు పోయి మతి చలించింది పాపం అని లుక్రీషియా జడ్జీగారి వైపు తిరిగింది.

‘‘అయ్యా, ప్రెసిడెంటుగారి తల కడిగింది నేను’’ అంది కెజయా. ‘‘తడిగుడ్డతో సరిపోయింది, దువ్వెన అక్కర్లేకపోయింది. మీ చేతిలోది మా ఆయనది. వాసన చూడండి. నిన్న నేను రుద్దిన సబ్బు.’’

జడ్జీ వాసన చూశాడు. చచ్చిన ఎలకను వదిలినట్టు బల్లమీద వదిలి, ఎవరతను అన్నాడు. కట్టెలు కొట్టేవాడని తెలిశాక రుమాలుతో ముందు చేతులు, తర్వాత కళ్లు తుడుచుకున్నాడు.

కెజయా పాయ తీసుకుంటుంటే లుక్రీషియా గొంతు తగ్గించింది.

‘‘నీ మొగుడికి పోయిందేముందే? ప్రెసిడెంటుగా చలామణీ అయ్యేవాడు.’’

‘‘అంత దిగజారే అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదమ్మగారూ.’’

ముందు గుమ్మంలోంచే బయటికి వచ్చింది.

ఇంటికొచ్చి నల్లరిబ్బను పొయ్యిలో పడేసింది. వెంట్రుకలు విడదీసి, మొగుడి మెడ వెనక, కత్తెర పడిన చోటే పరిచింది. ఒక్క పోగు వేలికి చుట్టుకుని ఉండిపోయింది. కాసేపు దానికేసి చూసి, అదీ విప్పి అతని తలకిందే పెట్టి, వడ్రంగిని మేకులు కొట్టమంది.