నిటారు వెన్ను, నేల పొయ్యి

ప్లాస్టరు ఊడదీసి నేనింకా ఆ పొడి తుడుస్తూనే ఉన్నాను, డాక్టరుగారు అప్పుడే ఎక్సరేని కిటికీ వెలుతురుకు పట్టి, వెన్ను ఎంత నిటారుగా వచ్చిందో అందరికీ చూపిస్తున్నారు. అరవైల మొదట్లో కావలిలోని ఒక ఆసుపత్రిలో, ఎముకల వార్డులో నేను సహాయ నర్సుని. చదివింది ఎనిమిదో తరగతి.

మంచం మీద ఉన్నది ఖైరూన్, రేకుపని చేసే మస్తాన్ భార్య. చిన్నప్పుడు వెన్నుకు క్షయ వచ్చి గూని పడింది. మద్రాసులో ఆపరేషన్ చేసి, తుంటి ఎముక ముక్కలు పెట్టి వెన్నుపూసల్ని ఒకటిగా అతికించారు. గూని చాలావరకు పోయింది. నడుము వంగడం కూడా పోతుందని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

వారం తిరక్కుండా వాళ్లింటికి వెళితే ఖైరూన్ ట్రంకుపెట్టె సర్దుకుంటోంది. నేల పొయ్యి ముందు వంగి ఊదుగొట్టంతో ఊదలేకపోతోంది. కట్టెలు పొగచూరడమే గాని అన్నం ఉడకడం లేదు. రేపు పొద్దున రైలుకు దొరవారిసత్రంలో పుట్టింట్లో దించి రమ్మని, మస్తాన్‌కు వేరే పిల్లను చూస్తానని అత్త తేల్చేసిందట. పొయ్యి ఎత్తు చేసి నిలబడి వండుకోనివ్వమన్నాను.

"నిలబడి వండేదానికి మా ఇల్లేమన్నా టీ కొట్టా? సంసారి ఆడది కూర్చోనే వండాల. నువ్వు సూదులేసుకో పో అమ్మాయ్," అంది అత్త.

మస్తాన్ తలెత్తకుండా రేకు కొడుతున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"గూనిదాన్ని కట్టుకున్న మారాజునని బజారంతా చెప్పుకున్నావే మస్తానన్నా, ఇప్పుడు నోరు యాడబోయింది?"

అమ్మ మాట దాటలేనన్నాడు. ఖైరూన్ నన్ను పక్కకు పిలిచింది.

"నొప్పి పోయింది మేరమ్మా. నిద్ర పడతా ఉంది. మళ్లా గూని కావాలని మాత్రం నేననను. ఇల్లు పోకుంటే చాలు."

సాయంత్రం డాక్టరుగారికి చెప్పాను. ఎముక బాగా అతుక్కుంది, వాళ్లింటి గొడవ మనకెందుకన్నారు. వంటింట్లో అడుగుపెట్టని మనిషికి ఆ మాట అనడం ఎంత తేలికో!

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, వెన్ను ఆపరేషన్‌కు పోయే ప్రతి మనిషినీ నేల మీద కూర్చుని చేసే పనులేమున్నాయని ముందే అడిగేదాన్ని. వెన్ను నిటారుగా వచ్చినంత మాత్రాన మనిషి పనిలో పడినట్టు కాదు.

డాక్టరుగారు ఆ మాట అన్న మర్నాడు తెల్లవారగానే, ఆసుపత్రి వెనక గోడకోసం తెచ్చిన ఇటుకలు ఎవర్నీ అడక్కుండా గంపకెత్తుకుని వెళ్లాను. అత్త తిడుతూనే ఉంది. ఖైరూన్ నడుమెత్తుకు పేర్చి, పైన పొయ్యి పెట్టాను. మస్తాన్ జట్కా పిలవడానికి పోయి ఉన్నాడు. అతను తిరిగొచ్చేలోగా, వండలేదనే వంక ఇక లేకుండా, ఖైరూన్ చేత అన్నం వండించి, వార్పించాను.