కుడిచెవి పని మానేశాక మళ్ళీ బండి నేర్చుకున్నాను

ఆ రోజు ఉదయం రేపల్లెలో బయలుదేరేటప్పుడు నాకు ఏ తేడా తెలియలేదు. ఇడ్లీ తిన్నాను, బండి తుడిచాను, నా భార్య సుజాత వెనక ఎక్కి కూర్చుంది. ఇద్దరం టీచర్లమే. నేను అడవులదీవి వైపు హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఆమె ఎలిమెంటరీ స్కూలు అదే దారిలో ముందు వస్తుంది. బండి ఊరు దాటగానే ఆమె చర్చిలో పాడే పాటలు సన్నగా పాడుకునేది. పెళ్ళయినప్పటి నుంచీ ఉన్న అలవాటు అది. పాట ఆగిందంటే ఆమె స్కూలు వచ్చిందని లెక్క. నేను చూడకుండానే బ్రేకు వేసేవాణ్ణి.

కోతలు అయిన రోజులవి. మా డెల్టాలో వడ్లు తారురోడ్డు మీదే ఆరబోస్తారు. సగం రోడ్డు వడ్లు, వాటికి కాపలాగా రాళ్ళ వరస, మిగిలిన సగంలో బస్సులూ మేమూ. అలా వడ్ల పక్క నుంచి పోతుండగా ఉన్నట్టుండి రోడ్డు తిరగడం మొదలెట్టింది. కరెంటు స్తంభాలు, పొలాలు, ఆకాశం అన్నీ గిర్రున తిరిగాయి. బ్రేకు తొక్కినట్టు గుర్తు. కళ్ళు తెరిచేసరికి వడ్లలో పడి ఉన్నాను. సుజాత మోచెయ్యి దోక్కుపోయి రక్తం కారుతోంది.

"ఏంటండి మాస్టారూ, వడ్లన్నీ పాడు చేశారు!" అంటూ వచ్చిన రైతు, నేను వాంతి చేసుకోవడం చూసి మెత్తబడ్డాడు. "అమ్మా, మాస్టారికి పైత్యం చేసినట్టుందండి. నిమ్మకాయ నీళ్ళు పట్టండి."

మా వైపు కళ్ళు తిరిగితే అది పైత్యమే, ఇంకో జబ్బు ఉండదు. కానీ సాయంత్రానికి మంచం మీద తల పక్కకి తిప్పినా ఇల్లంతా తిరుగుతుంటే సుజాత భయపడి కారు మాట్లాడి తెనాలి తీసుకెళ్ళింది. పక్షవాతం అనుకున్నాం. CT scan తీశారు. "Brain normal అండి, భయపడకండి" అన్నారు. నాలుగు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, vertigo టాబ్లెట్లు రాసి ఇంటికి పంపారు.

ఇంటి దగ్గర అసలు వైద్యం మా అక్కయ్య మొదలుపెట్టింది. చెరుకుపల్లి నుంచి అల్లం మురబ్బాతో సహా దిగి, "తల కదిపావంటే నా మీద ఒట్టు" అంది. నాకూ అదే సుఖంగా తోచింది. అటూ ఇటూ రెండు దిండ్లు పెట్టుకుని కుక్కిన పేనులా పడుకున్నాను. కదలకపోతే తిరగదు. టాబ్లెట్లు అయిపోతే మళ్ళీ తెప్పించుకున్నాను. రెండు నెలలైనా గోడ పట్టుకోకుండా బాత్రూముకి పోలేకపోయాను. సుజాత ఆటోలో స్కూలుకి వెళ్ళి వచ్చేది. బండి వరండాలో దుమ్ముకొట్టుకుపోతోంది. సైన్సు మాస్టారు ఇక కుర్చీకే పరిమితమని వీధిలో అనుకుంటున్నారని అక్కయ్యే మోసుకొచ్చి చెప్పింది. నాకు ఏడుపొచ్చింది.

చివరికి తెనాలిలోనే ఒక ENT డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ caloric test అని, పడుకోబెట్టి చెవిలో చల్లటి నీళ్ళు పోశారు. ఎడమ చెవిలో పోస్తే గది గిరగిరా తిరిగింది, మంచం గట్టిగా పట్టుకున్నాను. కుడి చెవిలో పోస్తే ఏమీ తిరగలేదు. హమ్మయ్య, కుడిది బాగుంది అనుకున్నాను.

"కాదండి మాస్టారూ, తిరగాలి. తిరగకపోవడమే జబ్బు" అన్నారావిడ. "Vestibular neuritis. వైరస్ వల్ల కుడివైపు బ్యాలెన్స్ నరం దెబ్బతింది. వినికిడికి మాత్రం ఏమీ కాలేదు."

"మళ్ళీ పని చేస్తుందాండి?"

"పూర్తిగా చెయ్యకపోవచ్చు. ఆ లోటు మెదడు సర్దుకుంటుంది. దాన్ని compensation అంటాం. కానీ మీరు తలే కదపకుండా పడుకుంటే లోటు ఉందని మెదడుకి ఎలా తెలుస్తుందండి?"

లోపలి చెవిలో అర్ధవర్తుల కుల్యలు మూడు ఉంటాయని ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద బొమ్మ గీశాను. సుద్దముక్కతో గీసి, పేర్లు పెట్టి, చెరిపేశాను. ఆ మూడు చిన్న గొట్టాలు పుట్టినప్పటి నుంచీ నా తల లోపల కూర్చుని నన్ను నిలబెడుతున్నాయని, సుజాతను వెనక కూర్చోబెట్టుకుని మోసుకెళ్ళనిచ్చింది అవేనని నాకు ఒక్కసారీ తట్టలేదు.

డాక్టరమ్మ టాబ్లెట్లు ఆపించేశారు. బొటనవేలు కళ్ళ ముందు చాపి పట్టుకుని, చూపు దాని మీదే ఉంచి, తల కాదు కాదు అన్నట్టు అటూ ఇటూ ఊపమన్నారు. "తిరుగుతుంది. తిరగనివ్వండి. అదే మందు." మొదటి వారం ఊపడం, వాంతి చేసుకోవడం, మళ్ళీ ఊపడం. అక్కయ్య చూడలేక చెరుకుపల్లి వెళ్ళిపోయింది. తర్వాత ఒక ఉదయం తల ఊపుతుంటే, అప్పటిదాకా ఊగుతూ కనిపించిన వేలు కదలకుండా నిలబడింది. సుజాతను కేకేశాను. ఆమె ఆ వేలిని పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

బండి మాట ఎత్తితే మాత్రం ఆమె ముఖం మారిపోయేది. డాక్టరమ్మ మళ్ళీ పరీక్షలన్నీ చేసి, "నడపొచ్చు. కానీ ముందు రోడ్డెక్కకండి, ఖాళీ గ్రౌండులో ఎవరైనా చూస్తుండగా మొదలుపెట్టండి" అన్నారు. అప్పుడే బాపట్లలో ఒక బండ్ల కంపెనీ వాళ్ళు కాలేజీ గ్రౌండులో రెండు రోజులు బండి నడిపే శిక్షణ ఇస్తున్నారని తోటి మాస్టారు చెప్పాడు. ఇరవై ఏళ్ళు నడిపినవాడికి శిక్షణేంటి, తాతకు దగ్గులు నేర్పినట్టు అని నవ్వాను. సుజాత నవ్వలేదు. "నేనూ వస్తానండి" అంది.

శిక్షణ ఇచ్చే రహీం గారు తెనాలి మనిషి, నా వయసువాడే. నా జబ్బు సంగతంతా విని, గ్రౌండులో ఒక మూల నాకోసం ప్లాస్టిక్ కోన్లు ఎనిమిది అంకె ఆకారంలో పేర్చాడు. దాని మీద మెల్లగా తిరగాలి. నేను ముందు చక్రం వైపే చూస్తూ తిరగబోయి, రెండో మలుపులోనే కళ్ళు తిరిగి కాలు కింద పెట్టేశాను. మళ్ళీ అదే. మూడోసారి కోన్ల మీదే పడ్డాను. "ఇంక చాలండి, ఇంటికి పోదాం" అని సుజాత గ్రౌండు అంచునుంచి అరిచింది.

రహీం గారు బండి లేపి పట్టుకున్నాడు. "మాస్టారూ, కోనును చూస్తే కోను మీదకే పోతాం. గుంతను చూస్తే గుంతలోకే. మీరు పోవాల్సిన చోటు చూడండి. ముందు తల తిప్పండి, చూపు అక్కడ ఆపండి. బండి దానంతటదే వస్తుంది."

తల తిప్పి చూపు ఒకచోట ఆపడం! నేను నెలల తరబడి మంచం మీద కూర్చుని బొటనవేలితో చేసింది అదే. డాక్టరమ్మ మందుగా ఇచ్చినదాన్ని ఈయన విద్యగా చెబుతున్నాడు. మలుపు అవతల ఉన్న వేపచెట్టు వైపు తల తిప్పాను. బండి మెత్తగా వంగి, కోన్లను దాటి, ఆ చెట్టు వైపే వచ్చేసింది. ఒళ్ళు ఝల్లుమంది.

మర్నాడు వెనక మనిషితో. సుజాత ఎప్పటిలాగే ఒక పక్కకి కాళ్ళు పెట్టి కూర్చుంది. మలుపులో నేను ఎడమకి వంగితే ఆమె భయంతో కుడికి వంగుతోంది. బండి తూలిపోతోంది.

"అమ్మా, కాళ్ళు రెండువైపులా వేసి కూర్చోవాలండి" అన్నాడు రహీం గారు.

"చీరతో ఎలాగండి?"

భోజనాల వేళ ఆమె కనిపించలేదు. వచ్చేసరికి మా అమ్మాయి పంజాబీ డ్రెస్సు వేసుకుని ఉంది. అమ్మాయి అక్కడే బాపట్లలో చదువుకుంటోంది, సుజాత దాని హాస్టలుకి పోయి చీర మార్చుకొచ్చింది. నలభై మూడేళ్ళ వయసులో మొదటిసారి. నవ్వానంటే కొట్టేలా ఉంది.

"వెనక కూర్చున్నవాళ్ళు కూడా బండి నడుపుతున్నట్టేనమ్మా" అన్నాడాయన. "మాస్టారు ఏ వైపు చూస్తే ఆ భుజం మీద నుంచి మీరూ అటే చూడండి."

నేను తల తిప్పాను. నా భుజం పక్కన ఆమె గడ్డం తగిలింది. బండి ఎక్కడా తూలకుండా ఎనిమిది మొత్తం తిరిగింది. మనుషులం ఇద్దరం, పనిచేసే చెవులు మూడు, అయినా ఒక్క శరీరంలా తిరిగాం. ఆ సాయంత్రం గ్రౌండులో దేవుడు చాలా దగ్గరగా ఉన్నట్టనిపించింది.

తర్వాత కొన్ని నెలలు ఊళ్ళోనే చిన్న చిన్న దూరాలు తిరిగాం. మళ్ళీ కోతలొచ్చాక గానీ పాత దారిలో స్కూలుకి బయలుదేరలేదు. అదే రోడ్డు, అవే వడ్లు. ఆ రైతు దూరం నుంచే చెయ్యెత్తాడు. "మాస్టారూ, మెల్లిగా అండి!" సుజాత చెయ్యి నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది. నేను వడ్లను చూడలేదు, రాళ్ళను చూడలేదు. వాటి పక్కన ఖాళీగా ఉన్న తారు వైపే చూశాను. దాటేశాం. ఆ చెయ్యి వదులైంది. కాసేపటికి వెనక నుంచి పాట మొదలైంది. నేను పడిన రోజు నుంచీ ఆమె గొంతులో పాట వినలేదని నాకు అప్పుడే తెలిసింది.

పాట ఆగితే బ్రేకు వేద్దామని పోతూనే ఉన్నాను. ఆగలేదు. కాలవ వంతెన వచ్చింది, అదీ దాటాం.

"ఏవండీ! మా స్కూలు ఎప్పుడో దాటిపోయాం!"

బండి మెల్లగా చేసి, ముందూ వెనకా చూసి, వచ్చిన దారి వైపు తల తిప్పాను. నా భుజం మీద నుంచి ఆమె కూడా అటే చూసింది.

కళ్ళు తిరిగే జబ్బుతో మంచం పట్టినవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ముందు డాక్టరు చేత కారణం తేల్చుకోండి. వాళ్ళు కదలమన్నాక మాత్రం మంచానికి అతుక్కుని ఉండకండి. తిరుగుతుంది, తిరగనివ్వండి. నా కుడిచెవి ఈనాటికీ పని చెయ్యదు. సుజాత మాత్రం రోజూ పాడుతోంది.